సున్నా పెట్టిన చోట

"నువ్వే అంటించావుగా. నువ్వే పీకెయ్."

పెద్దమ్మాయి వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. ఒక చేతిలో ఆస్పత్రిలో ఉన్న మొగుడికి తీసుకెళ్లాల్సిన సంచి. రెండో చేతి వేలు గోడ మీది పటాన్ని చూపిస్తోంది.

చిన్నమ్మాయి కదల్లేదు.

పటంలో వాళ్ల ఊరుంది. దోమలు ఎక్కువ దొరికిన వీధికి ముదురు ఎరుపు. తక్కువ దొరికిన వీధికి గులాబి. ఏమీ దొరకని వీధికి తెలుపు. వాళ్ల వీధి తెల్లగా ఉంది. ఉతికి ఆరేసినంత తెల్లగా ఉంది. లెక్కల్ని పటాలుగా గీయడం నేర్పే కోర్సులో చిన్నమ్మాయి గీసిన మొదటి పటం అది. గీసిన రోజు ఇంటిల్లిపాదీ దాని ముందు నిలబడి చూశారు.

"అక్కా, ముందు బావకి ఎలా ఉందో చెప్పు."

"ఎలా ఉంటారు? పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి. ఉన్న దుప్పట్లన్నీ కప్పినా ఒణుకు ఆగట్లేదు. ఆగితే ఒళ్లంతా చెమట. పొద్దున నన్ను చూసి 'టికెట్ తీసుకున్నావా' అన్నారు. పెళ్లాన్ని పట్టుకుని టికెట్ అడిగారే!"

అల్లుడు బస్సు కండక్టరు. ఇంకో రోజైతే ఆ మాటకి అందరూ నవ్వేవారు.

కుట్టుమిషను దగ్గర తండ్రి కాలు ఆగింది. మళ్లీ కదిలింది.

"ఆ రోజు అన్నాలు తింటూ ఏమన్నావే? చెప్పు."

"మన వీధికేం భయం లేదన్నాను."

"ఇంకా?"

"దోమతెర అక్కర్లేదన్నాను."

"నేను కొందామంటే నవ్వావు. 'అక్కా, నా దగ్గర లెక్కుంది' అన్నావు. ఆయన కూడా నవ్వారు. మరదలు చెప్పాక ఇంక తిరుగేముంది అన్నారు. మందు కొట్టే బండి పక్క వీధి దాకా వచ్చి వెనక్కి పోతే, మన దగ్గర దోమల్లేవు కాబట్టే రాలేదని ఇంటింటికీ తిరిగి చెప్పావు. గొప్పగా!"

"అక్కా..."

"అక్కా లేదు, చుక్కా లేదు. మన వీధిలో దోమల్లేకపోతే ఆయన్ని కుట్టిందేమిటి? బస్సా?"

చిన్నమ్మాయి తల దించుకుంది. చెప్పాలనుకున్న మాట పొద్దుటి నుంచీ గొంతులోనే ఉంది. 

"ఆ గడులు ఖాళీగా ఉన్నాయక్కా."

"ఏ గడులు?"

"మన వెనక వరండాలో దోమల్ని పట్టే యంత్రం పెట్టారు కదా. పురుగులాయన రోజూ పొద్దున్నే వచ్చి సంచి మార్చి, ఎన్ని పడ్డాయో రాస్తాడు. ఈ మధ్య ఏమీ రాయలేదు. యంత్రం రాత్రి తిరగలేదని దాని మీటరే చెబుతుందట. తిరగనప్పుడు లెక్కేం రాస్తాడు? గడి ఖాళీగా వదిలేశాడు."

"అయితే?"

"ఖాళీ ఉంటే, రోజువారీ లెక్కకి గీసే గీత మధ్యలో తెగిపోతుంది. ముక్కలు ముక్కలుగా పడుతుంది. చూడ్డానికి బాగోదు. అందుకని..."

"అందుకని?"

"సున్నా పెట్టాను."

పెద్దమ్మాయి సంచి కింద పెట్టింది.

"బాగోదని పెట్టావు."

"ఊఁ."

"అందం కోసం."

 సున్నా పెడితే గీత అతుక్కుంది. గీత అతుక్కుంటే వీధి తెల్లబడింది. వీధి తెల్లబడితే, ఆ పటం చూసి తిరిగే మందు బండి వెనక్కి పోయింది. ఇందులో అర్థం కానిదేమీ లేదు. పెద్దమ్మాయికి కూడా అర్థమైంది.

"మరి మా ఆయన పోతే అప్పుడేం పెడతావే గడిలో? సున్నాయేనా?"

ఆ మాట అన్నాక ఇంట్లో కుట్టుమిషను చప్పుడు ఒక్కటే మిగిలింది.

గీత తెగకూడదని చిన్నమ్మాయికి నేర్పింది తండ్రే. ఆయన దర్జీ. చిన్నప్పుడు సుద్దముక్క చేతికిచ్చి గుడ్డ మీద గీయించేవాడు. చెయ్యి ఆగితే నెత్తి మీద మొట్టేవాడు. తెగిన చోట కత్తెర దారి తప్పుతుందనేవాడు. పిల్ల నేర్చుకుంది. బాగానే నేర్చుకుంది.

"యంత్రం ఎందుకు తిరగలేదు?" అంది పెద్దమ్మాయి.

"పాడై ఉంటుంది. నాన్నా, మీరు వెనకే పడుకుంటారు కదా. అది తిరుగుతోందా?"

"నాకేం తెలుసు?" అన్నాడు తండ్రి. తల ఎత్తలేదు. "పడుకుంటే నిద్ర పడుతుంది. అంతే."

"పురుగులాయన మిమ్మల్ని ఎప్పుడూ అడగలేదా?"

"అడిగాడు. పని చేస్తోందన్నాను. మీద బల్బు వెలుగుతోందిగా."

"ఆయన్నెందుకు మధ్యలోకి లాగుతావు?" పెద్దమ్మాయి గొంతు లేచింది. "మీటర్లూ గీటర్లూ ఆయనకి తెలుసా? చదువుకున్నది నువ్వు. నీ తప్పు నువ్వు మొయ్యి."

దారం తెగింది. తండ్రి సూదిలోకి దారం ఎక్కించబోయాడు. ఎక్కలేదు.

"నాన్నా, ఆస్పత్రిలో పైన ఫ్యాను తిరగట్లేదు. ఆయనకి చెమటలు పడుతున్నాయి. సాయంత్రం మీ టేబుల్ ఫ్యాను పట్టుకురండి."

"ఊఁ."

పెద్దమ్మాయి సంచి తీసుకుంది. వెళ్తూ వెళ్తూ గోడ మీది పటాన్ని తనే పీకింది. చింపలేదు. మడిచి చెల్లెలి చేతిలో పెట్టింది. చింపినా బాగుండేది.

*

భార్య పోయాక దర్జీకి మనుషుల మాటలు వినబడటం తగ్గింది. చప్పుళ్లు వినబడటం పెరిగింది. కుళాయి చుక్క. పక్కింటి తలుపు. తర్వాత ఈ యంత్రం. సీసాలో పడ్డ ఈగలా గుయ్యిమనేది.

వెనక వరండాలో ప్లగ్గు ఒక్కటే. యంత్రం బిగించిన రోజు "రాత్రంతా ఉండాలండీ" అని దోమల లెక్క తీసే సంస్థ వాళ్లు చెప్పారు. ఆయన తలూపాడు. తలూపడానికి కష్టమేముంది?

వేసవి ముదిరింది. ఆయన యంత్రం తీగ పీకి తన ఫ్యాను తీగ పెట్టుకున్నాడు. తెల్లారగానే ఫ్యాను తీగ తీసేసి యంత్రం తీగ మళ్లీ పెట్టేవాడు. తెలియక చేసినవాడు తీగలు మార్చడు.

ఫ్యాను గాలికి దోమ నిలవదు. ఆయన మీద ఒక్కటీ వాలలేదు.

వరండా రెండో కొసన అల్లుడు పడుకునేవాడు. ఆఖరి బస్సు దిగి వచ్చేసరికి ఇంట్లో అందరూ నిద్రపోయేవారు. పెళ్లాన్ని లేపడం ఎందుకని అక్కడే ఒరిగేవాడు. ఫ్యాను గాలి అక్కడిదాకా పోదు. ఒకసారి అతను ప్లగ్గు వైపు చూశాడు. తర్వాత మామగారి వైపు చూశాడు. మామగారు కళ్లు మూసుకున్నాడు. అల్లుడు దుప్పటి మొహం మీదికి లాక్కున్నాడు.

"మామయ్యా, కాస్త ఇటు తిప్పండి" అని ఒక్కసారి అని ఉంటే తిప్పేవాడే. అనలేదు. అనలేదనే ఇప్పుడు ఆయనకి కోపం. తప్పు చేసినవాడికి ఎవరి మీదో ఒకరి మీద కోపం కావాలి.

పొద్దున కూతుళ్లిద్దరూ కొట్టుకుంటుంటే ఒక్క మాట చాలు. నోరు తెరిస్తే అయిపోయేది. తెరవలేదు. చిన్నది ఎలాగూ తిట్లు తింటోంది, తిననీ అనుకున్నాడు. అలా అనుకున్నందుకు సిగ్గేసింది. సిగ్గేసినా నోరు తెరవలేదు.

అల్లుణ్ణి ఆస్పత్రిలో చేర్చిన రాత్రి కూడా ఆయన యంత్రం తీగ పీకాడు.

ఉక్కగా ఉంది మరి.

*

కోర్సు నడిచేది ఒక పాత భవనం పై అంతస్తులో. పొడుగాటి గది. ఒక వైపు బల్లలు చెరువుల వాళ్లవి. వాళ్లు కప్పల్నీ నీటిమట్టాన్నీ లెక్కపెట్టి గీతలు గీస్తారు. రెండో వైపు జ్వరాల వాళ్లవి. కప్పలు తగ్గిన చోట దోమలు పెరిగాయా, దోమలు పెరిగిన చోట జ్వరాలు పెరిగాయా అని రెండు గీతల్నీ ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూస్తారు. చూసినవాడికి ఒక్క చూపులో తెలియాలి. అదే అక్కడి చదువు.

"ఏమే జ్వరాలూ, మొహం అలా ఉందేం?" అంది చెరువుల బల్ల దగ్గరి అమ్మాయి. "నీకంటే మా కప్పలే నయం."

 చిన్నమ్మాయి నేరుగా పాఠాలు చెప్పే మేడమ్ బల్ల దగ్గరికి వెళ్లింది.

"మేడమ్, నేను సున్నాలు పెట్టాను."

"ఎక్కడ?"

"ఖాళీ ఉన్న చోటల్లా."

మేడమ్ కళ్లద్దాలు తీసింది. తుడవలేదు. మళ్లీ పెట్టుకుంది.

"మొదటి రోజు నేనేం చెప్పాను?"

"లేదు అనడం వేరు, చూడలేదు అనడం వేరు అన్నారు."

"రాసుకున్నావా?"

"రాసుకున్నాను."

"రాసుకుని ఏం చేశావు? మడిచి పెట్టెలో దాచావా?"

చిన్నమ్మాయి కళ్లు నిండాయి.

"మా బావకి జ్వరం మేడమ్. మా వీధి తెల్లగా వేశాను. దోమతెర కూడా కొననివ్వలేదు."

 మేడమ్ పక్క కుర్చీ లాగింది.

"ఏడిస్తే లెక్క మారదు. కూర్చో. ఫైలు తెరువు."

చిన్నమ్మాయి ఒక్కొక్క సున్నానీ తీసేసింది. తీసిన చోటల్లా గీత తెగింది. చూడలేదని చెప్పడానికి మేడమ్ బూడిదరంగు ఎంచుకుంది. తెల్లగా ఉన్న వీధులు ఒకదాని వెనక ఒకటి బూడిదరంగుకి మారాయి. కాలువ పక్క వీధి. బడి వెనక వీధి. బస్సు డిపో వీధి. తెలుపు వెతికితే గానీ కనబడలేదు.

"మనకి ఇంత తెలీదా మేడమ్?"

"తెలీదు. నిన్నటిదాకా తెలుసనుకున్నాం."

"నన్ను తీసేస్తారా?"

"తీసేస్తారేమో. నన్నూ అడుగుతారు. చూసి పంపింది నేనేగా. అంత తెలుపు చూస్తే నాకూ బాగానే అనిపించింది. ఎందుకు బాగుందని అడగాల్సిందాన్ని, అడగలేదు."

ఆమె కంప్యూటరు తెర వైపు వంగింది. కింద వరసలో వేలు పెట్టింది.

"రేపు పొద్దున మందు బండ్లు ఏ వీధులకి వెళ్లాలో తేలుస్తారు. ఈ పటం అక్కడ ఉండాలి. ప్రతి బూడిద గడికీ కింద కారణం రాయాలి. చూడు, అన్నిటికీ ఉన్నాయి. ఇల్లు తాళం. వానకి తడిసింది. మనిషి రాలేదు. మీ ఇంటిదానికి మాత్రం 'తిరగలేదు' అనే ఉంది. ఎందుకు తిరగలేదు?"

"పాడై ఉంటుందనుకున్నా."

"అనుకోకు. ఈ యంత్రాలన్నీ ఒకేసారి కొన్నవి. ఒకటి దానంతటది రాత్రిపూట ఆగిపోతోందంటే మిగతావి కూడా మధ్యమధ్య ఆగుతున్నాయేమో. అప్పుడు ఎర్రవీధి లెక్క కూడా నమ్మకూడదు. రేపటికి పటమే ఉండదు. పటం లేకపోతే బండ్లు పాత దారినే పోతాయి. మీ వీధి వదిలేసి, డిపో వీధి వదిలేసి, ఇవన్నీ వదిలేసి."

"ఎవరైనా ఆపి ఉంటే?"

"ఆపి ఉంటే అది మనిషి పని. యంత్రం తప్పు కాదు. మిగతా పటం నిలుస్తుంది."

"మా ఇంట్లో ఎవరు ఆపుతారు మేడమ్?"

"ఇల్లు నీది. నన్నడుగుతావేం? వెళ్లి కనుక్కో. రాత్రికి ఫోన్ చెయ్యి."

చిన్నమ్మాయి వాళ్ల ఇంటి యంత్రం గీతని కాగితం మీద తీయించుకుంది. గీత ఎగుడుదిగుడుగా మొదలైంది. కొన్నాళ్లు నడిచింది. ఆగింది. తర్వాత కాగితం ఖాళీ.

నిన్నటిదాకా అక్కడ ఎంత నున్నటి గీత ఉండేదో! నేల మీద పాకినంత నున్నగా ఉండేది. నిజంగా కొలిచిన గీత అలా ఉండదు, వణుకుతుంది. ఆ సంగతి కూడా మేడమ్ చెప్పిందే.

వెనక తలుపు తీసి ఒక్క రాత్రి తొంగి చూసి ఉంటే తెలిసేది. ఆమె చూడలేదు. తన ఇంటి వరండాని ఆమె తెర మీదే చూసింది.

*

సాయంత్రం వార్డులో కండక్టరుకి ఒణుకు తగ్గింది. చొక్కా చెమటకి తడిసి ఒంటికి అంటుకుంది. పెద్దమ్మాయి అట్టముక్కతో విసురుతోంది.

"వచ్చావా గీతలమ్మా," అన్నాడు మరదల్ని చూసి. గొంతు నూతిలోంచి వచ్చినట్టుంది. "టికెట్ తీసుకునే ఎక్కావా?"

"తెలివొచ్చిందన్నమాట," అంది చిన్నమ్మాయి.

"వచ్చిందిలే. మీ అక్క టికెట్ లేకుండానే ఇన్నేళ్లు తిరిగింది. పొద్దున పట్టుకున్నా."

పెద్దమ్మాయి నవ్వలేదు. చెల్లెలి వైపు చూడనూ లేదు.

"డాక్టరు ఏమన్నారక్కా?"

"ఇంకోసారి ఒణుకొస్తే జ్వరం తలకెక్కుతుందేమో చూడాలన్నారు. చాలా?"

చిన్నమ్మాయి మంచం అంచున నిలబడింది. కూర్చోమని ఎవరూ అనలేదు.

"బావా, ఒకటి అడగాలి."

"అడుగు."

"వెనక వరండాలో దోమల యంత్రాన్ని ఎవరైనా ఆపేవాళ్లా?"

విసురుతున్న చెయ్యి ఆగింది.

"మళ్లీ మొదలెట్టావా?" అంది పెద్దమ్మాయి. "మంచం మీదున్న మనిషిని కూడా వదలవా? నీ గడులు నింపుకోవడానికి ఇప్పుడు ఈయన కావాలా?"

"నా కోసం కాదక్కా. ఎందుకు ఆగిందో ఇవాళ తెలియకపోతే రేపు మందు బండ్లు మళ్లీ మన వీధికి రావు. డిపో వీధికీ రావు. అక్కడ ఎవరికీ తెలీదు. వాళ్లు కూడా దోమల్లేవనే పడుకుంటున్నారు, నా మాట విని."

డిపో వీధి అనగానే కండక్టరు కళ్లు తెరిచాడు. అతనితో పని చేసేవాళ్లు సగం మంది ఆ వీధిలోనే ఉంటారు. పైన ఆగిపోయిన ఫ్యాను రెక్కల్ని చూస్తూ ఉండిపోయాడు.

"యంత్రం బాగానే ఉంది," అన్నాడు చివరికి. "నేనే ఆపాను."

"మీరా?" అంది పెద్దమ్మాయి.

"చప్పుడే బాబూ. పగలంతా బస్సు చప్పుడు, రాత్రి ఇది. తీగ పీకి పడుకునేవాణ్ణి. పొద్దున్నే మళ్లీ పెట్టేవాణ్ణి. నీకు తెలిస్తే తిడతావని చెప్పలేదు. రాసుకో గీతలమ్మా. రాసుకుని మీ మేడమ్‌కి చెప్పు."

పెద్దమ్మాయి అట్టముక్క ఒళ్లో పెట్టుకుంది. మొగుడి మొహం చూసింది. మొదట కోపం వచ్చింది. కోపం పెదవుల దాకా వచ్చి ఏడుపైంది.

"చేజేతులా తెచ్చుకున్నారా! నేను పొద్దున దీన్ని నానా మాటలూ అన్నాను. నోటికేదొస్తే అదే అన్నాను." చెల్లెలి చెయ్యి పట్టుకుంది. "తప్పైపోయిందే. కూర్చో. నిలబడే ఉన్నావు ఇందాకటి నుంచీ."

చిన్నమ్మాయి కూర్చుంది. అక్క చెయ్యి వెచ్చగా ఉంది. పొద్దుటి నుంచీ గుండెల మీదున్న బరువు కాస్త జరిగినట్టైంది. సున్నా పెట్టింది తనే, అది పోదు. కానీ ఆపింది తను కాదు. రేపు పటం ఉంటుంది. బండ్లు వస్తాయి.

సంచిలోంచి కాగితం తీసింది. కలం తీసింది. కారణం రాయాల్సిన చోట వేలు పెట్టింది.

"రోజూ ఆపేవాడివా బావా?"

"రోజూ."

"ఒక్క రాత్రి కూడా తప్పకుండా?"

"చెప్పానుగా, రోజూనే. రాసెయ్."

కలం కాగితానికి ఆనింది. కదల్లేదు.

కాగితం మీద ఖాళీ ఆగలేదు. బావని ఆస్పత్రిలో చేర్చిన రాత్రి దాటి ముందుకి పోయింది. నిన్న రాత్రి కూడా ఖాళీయే. నిన్న రాత్రి బావ ఈ మంచం మీద ఉన్నాడు. లేచి నిలబడే ఓపిక లేదు. అక్క ఈ స్టూలు మీద ఉంది. తను ముందు గదిలో పడుకుంది.

చిన్నమ్మాయి తలెత్తింది.

బావ ఆమెని చూడటం లేదు. ఆమె భుజం మీదుగా గుమ్మం వైపు చూస్తున్నాడు. వద్దు అన్నట్టు తల ఒక్కసారి అడ్డంగా కదిలింది. అది తనకో, గుమ్మంలో ఉన్న మనిషికో తెలియలేదు.

దర్జీ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. టేబుల్ ఫ్యానుని చంటిపిల్లని ఎత్తుకున్నట్టు గుండెకి ఆనించి పట్టుకున్నాడు. ఎంతసేపయిందో వచ్చి.

"వచ్చారా నాన్నా," అంది పెద్దమ్మాయి కళ్లు తుడుచుకుంటూ. "విన్నారా ఈయన చేసిన పని? సరే, తర్వాత తిడుదురుగాని. ముందు ఫ్యాను పెట్టండి. ప్లగ్గు మంచం పక్కనే ఉంది. ఒక్కటే ఉంది. అందులో నా ఫోను తీగ ఉంది. అది పీకేసి మీది పెట్టండి."

ఆయన కదల్లేదు.

చిన్నమ్మాయి చేతిలో కలం ఇంకా ఖాళీ గడి మీదే ఉంది.

"ఏం రాయమంటారు?" అంది.

పెద్దమ్మాయి మొగుడి వైపు చూసింది. ఆ ప్రశ్న ఆయనకే అనుకుంది.

దర్జీ చేతిలోంచి ఫ్యాను తీగ జారింది. దాని ప్లగ్గు గచ్చు మీద పడి టక్కుమంది.